రెండు రిజిస్టర్లలో ఒకే మనిషి

నాకిప్పుడు దగ్గు లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. జబ్బు కథ చెప్పేవాళ్లు కొందరు మనిషి బతికాడో లేదో చివరిదాకా చెప్పకుండా నసపెడతారు, నాకది గిట్టదు. బతికాను, బాగానే ఉన్నాను. ఇది రాయమన్నది సలోమి సిస్టరు. ఆసుపత్రిలో క్షయ మందులిచ్చే గది ఆమెది.

"అన్నా, నువ్వు చేసిన తప్పు ఇంగొకరు చేయకుండా నువ్వే రాయి. మేము చెప్తే ఎవురూ వినరు" అంది.

నేను చేసింది ఒక తప్పు కాదు, రెండు. రెండూ రాస్తాను.

నా పేరు తిప్పేస్వామి. మాది విడపనకల్లు దగ్గర పల్లె. వేరుశనగ వేసి వేసి, వాన కోసం చూసి చూసి మా నాయన విసిగిపోయాక అందరం రాయదుర్గం వచ్చాం. ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా జీన్స్ ప్యాంట్లు కుడుతున్నాను. నా పని నడుం పట్టీ. కాళ్లు ఒకరు, జేబులు ఒకరు, నడుం నేను. బస్టాండులో ఎవరైనా జీన్స్ వేసుకుని నిలబడితే అది నేను కుట్టిన పట్టీయేమోనని ఇప్పటికీ వెనకాల నుంచి చూస్తాను. దీనికోసం ఒకసారి తిట్లు కూడా తిన్నాను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా

మా యూనిట్ అంటే ఒక రేకుల షెడ్డు, ముప్పై మిషన్లు, ఒక కటింగ్ టేబులు. యజమాని వన్నూరప్ప. ఆయనా ఒకప్పుడు మిషన్ మీద కూర్చున్నవాడే కాబట్టి అందరం మాస్టరన్నా అనే పిలుస్తాం. జీన్స్ బట్ట కత్తిరించేటప్పుడు నీలం దుమ్ము లేస్తుంది. సాయంత్రానికి మా కనుబొమలు, ముక్కులు, చెవులు అన్నీ నీలమే. కొత్తగా పెళ్లైనవాళ్లు ఇంటికి పోయేముందు కుళాయి దగ్గర చాలాసేపు ముఖం రుద్దుకుంటారు, మిగతావాళ్లం ఎగతాళి చేస్తాం.

ఈ దుమ్ముకు మా దగ్గర ఒక మందుంది. మూడింటికి టీ వచ్చినప్పుడు మాస్టరన్న రేకు డబ్బా మూత తీసి, ఒక్కొక్కరి చేతిలో ఒక బెల్లం ముక్క, కొన్ని వేయించిన వేరుశనగ గింజలు పెడతాడు. గొంతులో పట్టిన దుమ్మును బెల్లం కడుపులోకి దించేస్తుందని మా నమ్మకం. ఆయనకు పని నేర్పినవాళ్లు ఆయనకు పెట్టారు, ఆయన మాకు పెడుతున్నాడు. దగ్గు ఎక్కువ ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. అసలు దగ్గని టైలరును మా షెడ్డులో ఎవరూ నమ్మరు, పని ఎగ్గొట్టే రకమని అనుకుంటాం.

అందుకే జనవరిలో దగ్గు మొదలైనప్పుడు నేను రెండో ముక్క అడిగాను. ఫిబ్రవరిలో మూడో ముక్క. ఆసుపత్రికి పొమ్మని నా భార్య సుంకమ్మ పోరుపెడితే, దుమ్ము దగ్గుకు ఆసుపత్రి ఏంటని కసురుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. మార్చిలో ప్యాంటు జారిపోతోందని, దాని నడుం నేనే విప్పి ఒక ఇంచు లోపలికి తీసి కుట్టుకున్నాను. మూడు వారాలకు మళ్లీ జారింది. మళ్లీ కుట్టాను. ఏప్రిల్లో మూడోసారి. పద్దెనిమిదేళ్లుగా పొద్దస్తమానం నడుం కొలతలు చూసేవాణ్ని, నా నడుం ఎటు పోతోందని ఒక్కసారీ అడగలేదు. పైగా మూడుసార్లు బిగించినా పట్టీ ఎక్కడా ముడత పడలేదని పక్క మిషన్ వాళ్లకు చూపించి మురిసిపోయాను. ఇది నా మొదటి తప్పు. ఇంత నైపుణ్యంగా తప్పు చేసినవాడు మా ఊళ్లో ఇంకొకడు ఉండడు.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు దగ్గు తెర ఆగలేదు. ముందున్న పట్టీ మీద ఎర్రటి చుక్క పడింది. సూది గుచ్చుకుందేమోనని మొదట వేళ్లు చూసుకున్నాను. పదీ బాగానే ఉన్నాయి. తల ఎత్తితే మాస్టరన్న నా వెనకాలే నిలబడి ఉన్నాడు. ఆ పట్టీని మెల్లగా తీసి మడిచి పక్కన పెట్టాడు.

"ఇంటికి పో తిప్పేసామీ. బాగైనాక రా" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది. కోప్పడి ఉంటే ఎదురు మాట్లాడేవాణ్ని. ఆ భయం చూసి కత్తెర అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఏప్రిల్, మే

ఆసుపత్రి వరండాలో పొడుగాటి సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చున్నవాళ్లెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, అందరూ గది తలుపు వైపే చూస్తారు. ఫ్యాను ఒక్కటే, అదీ బల్లకు ఒక చివర. కఫం ఇవ్వమని నాకొక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చారు. దాన్ని ఎవరికీ కనపడకుండా జేబులో పెట్టుకుని, జేబు పైన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పక్కన వజ్రకరూరు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. మనవరాలికి మందుల కోసం వచ్చిందట. నన్ను చూసి ఏమీ అడక్కుండా జరిగి, ఫ్యాను కింది చోటు నాకిచ్చింది. తొలకరి వానకు తమ ఊరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోతానని, ముప్పై ఏళ్లుగా ఒక్కటీ దొరకలేదని, ఈసారి దొరుకుతుందని చెప్పింది. ఆమె అంత ధీమాగా చెబుతుంటే నాకూ కొంచెం ధైర్యం వచ్చింది.

మూడో రోజు సలోమి సిస్టరు లోపలికి పిలిచి, క్షయ అని చెప్పింది. ఆ తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. చెవికెక్కించుకుంది నాకు తోడొచ్చిన సుంకమ్మ. మాత్రలు ఎప్పుడు వేయాలి, ఏం తినాలి, ఎన్నాళ్లు వాడాలి, అన్నీ రెండుసార్లు అడిగి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరు నెలలు ఒక్కరోజు కూడా తప్పకుండా వాడితే పూర్తిగా పోయే జబ్బని సిస్టరు చెప్పిందట. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు. ఆ మాట విన్నరోజు మాత్రం కడుపు నిండా తిన్నాను.

ఇంట్లో మా నాయన వేరే పోరు పెట్టాడు. ఆయన తమ్ముడికి ఎప్పుడో ఈ జబ్బే వస్తే ఊరివాళ్లు చేలోని కొట్టంలో ఉంచారు. కూడు దూరంగా పెట్టి వచ్చేవాళ్లట, ఆయన అక్కడే పోయాడు. నాయన నా కంచం, చెంబు విడిగా పెట్టి, కంచం అంచున సున్నంతో గుర్తు వేశాడు. జబ్బు కంచంతో రాదని, దగ్గితే గాలిలో వస్తుందని, కిటికీలు తెరిచి ఉంచితే చాలని సుంకమ్మ ఎంత చెప్పినా వినలేదు. అసహ్యంతో చేసింది కాదది. సున్నం వేస్తూ ఆయన తన తమ్ముడి పేరు గొణుక్కోవడం నేను విన్నాను.

తొమ్మిదో తరగతి చదివే మా భవాని గడప దగ్గర కూర్చుని పాఠాలు పైకి చదివేది, నాకు పొద్దుపోవాలని. ఆ గడపకూ నా మంచానికీ మూడడుగులు. మొదటి రెండు వారాలు లోపలికి రావద్దని నేనే చెప్పాను. నేనే చెప్పి, నేనే గోడ వైపు తిరిగి ఏడ్చాను.

సుంకమ్మ ఇంకో యూనిట్లో దారాలు కత్తిరించే పనికి కుదిరింది. పొద్దున నాకు మాత్రలు వేసి, వంట చేసి, పనికి పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ వంట. నేను మంచం మీద కూర్చుని ఆమె తప్పులు ఎంచేవాణ్ని. పని లేని మగవాడికి కూరలో ఉప్పు బాగా తెలుస్తుంది. ఒకరోజు కంచం తోసేశాను. ఆమె ఆ అన్నం తనే తిని, గిన్నెలు తోముకుని పడుకుంది. ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జూన్, జులై

రెండు నెలలకు దగ్గు పోయింది. ఆకలి వచ్చింది. ప్యాంటుకు వేసిన మూడో కుట్టు విప్పేశాను. ఇక నేను బాగైపోయానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ముందు మాస్టరన్న దగ్గరికే వెళ్లాను. కాగితం తెమ్మన్నాడు. తెచ్చాను. చికిత్స జరుగుతోందని, ఇతరులకు సోకే దశ దాటిందని డాక్టరు రాశాడు. మాస్టరన్న మొదటి వరుసలో క్షయ అన్న మాట దాకా చదివి కాగితం మడిచేశాడు. పూర్తిగా తగ్గాక చూద్దామన్నాడు. ఆయన వెనకాల నా మిషన్ మీద ఎవరో కొత్తామె కూర్చుని ఉంది. పట్టీ వంకరగా వేస్తోంది. నాకు జబ్బు చేసినందుకు కన్నా ఆ వంకర చూసినందుకే ఎక్కువ బాధేసింది.

ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, పని లేనివాళ్లకు పని చూపించే ఉపాధి కేంద్రం ఉంది. అక్కడి ఉద్యోగి బాషా సార్. నేను ఆ రోడ్డు దాటాను. దాటేటప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను, ఈ పక్కన జబ్బు మాట ఎత్తకూడదని.

పాత పని ఎందుకు మానేశావని బాషా సార్ అడిగితే యజమానితో గొడవపడ్డానని చెప్పాను. ఒంట్లో ఏమన్నా బాగాలేదా, ఇంత సన్నగా ఉన్నావేమని అడిగితే మా వంశమే సన్నమని చెప్పాను. ఆయన నవ్వి, ఆరోగ్యం బాగుందని రాసుకున్నాడు. వారం తిరక్కుండానే ఊరి బయట ఒక పెద్ద ఫ్యాక్టరీలో పని ఇప్పించాడు. బస్సు పొద్దున ఆరింటికి. పన్నెండు గంటల షిఫ్టు. నిలబడి చేసే పని. నేను ఎగిరి గంతేశాను.

ఆ మాత్రలు పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక గంటసేపు కడుపులో తిప్పుతుంది. ఇంట్లోనైతే పడుకునేవాణ్ని. రెండో రోజు బస్సు దిగగానే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాంతి చేసుకున్నాను. తాగి వచ్చావా అని సూపర్‌వైజరు అందరి ముందూ అడిగాడు. తాగానని చెబితే పని పోతుంది, మాత్రలని చెప్పినా పోతుంది. ఆ మర్నాటి నుంచి మాత్రలు మానేశాను. బాగైపోయాను కదా, ఇంకెందుకని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో అన్నం ముందు వేసుకుంటున్నానని సుంకమ్మకు అబద్ధం చెప్పి, రోజూ ఆమె చేతిలో పెట్టిన మాత్రలను ఇంట్లో ఉన్న పాత తొక్కుడు మిషన్ సొరుగులో దాచాను. ఇది నా రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. మొదటిది తెలియక చేశాను.

నాలుగో వారంలో సాయంత్రం జ్వరం తిరిగొచ్చింది. ఒకరోజు లైనులోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. ఇంటికి పంపించారు, మళ్లీ రమ్మనలేదు.

ఆగస్టు

ఒక ఆదివారం భవాని స్కూలు గౌనుకు హుక్కు కుట్టుకుందామని మిషన్ సొరుగు తీసింది. మాత్రలన్నీ పట్టుకుని వచ్చి నా మంచం ముందు నిలబడింది. అరవలేదు. "నాయనా, నేను ఊరికే గడప మీద కూసున్నానా?" అని మాత్రం అడిగింది.

మాత్రలు దాని చేతిలోంచి తీసుకుని దిండు పక్కన పెట్టుకున్నాను.

మర్నాడు సుంకమ్మ వెళ్లి సలోమి సిస్టరును ఇంటికి పిలుచుకొచ్చింది. వచ్చాక తిడుతుందని కాచుకుని ఉన్నాను. ఆమె మాత్రలు చూసి, నా చెయ్యి పట్టుకుని జ్వరం చూసి, ఈ నెలంతా ఎక్కడున్నావని అడిగింది. ఫ్యాక్టరీ సంగతి చెప్పాను. పని ఎవరు ఇప్పించారని అడిగింది. బాషా సార్ పేరు చెప్పాను. మూతికి గుడ్డ కట్టుకుని తనతో రమ్మంది. ఆసుపత్రిలోకి పోయి మళ్లీ కఫం తీసుకుని, తన రిజిస్టరు చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రోడ్డు దాటింది.

బాషా సార్‌ను వరండాలోకి రమ్మని, గాలి తగిలే చోట ముగ్గురం నిలబడ్డాం. ఆయన కూడా తన రిజిస్టరు తెచ్చాడు. పిట్టగోడ మీద రెండూ తెరిచి పక్కపక్కన పెట్టారు. సిస్టరు దాంట్లో తిప్పేస్వామి క్షయ రోగి, చికిత్సలో ఉన్నాడు, పని లేదు. సార్ దాంట్లో తిప్పేస్వామి ఆరోగ్యవంతుడు, పన్నెండు గంటల షిఫ్టు చేయగలడు, పనిలో ఉన్నాడు. సార్ చాలాసేపు అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఏమప్పా, ఈ ఇద్దర్లో నువ్వెవురు?"

నేను నిజం చెప్పేశాను. "జబ్బుండాదంటే మీరు పనియ్యరనుకుంటి సార్. పనుండాదంటే సిస్టరు మందులియ్యదనుకుంటి. ఆ పక్క ఒకటి చెప్తి, ఈ పక్క ఒకటి చెప్తి."

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పి ఉంటే నీకు తగిన పనే చూసేవాణ్ని కదప్పా అని సార్ అన్నాడు. ఆ వెంటనే, నిజానికి అలా ఎవరికీ ఎప్పుడూ చూడలేదని ఒప్పుకున్నాడు. వాళ్ల కాగితంలో బాగుందా బాగాలేదా అని రెండే గళ్లున్నాయట. మందులు వాడుతూ కూడా ఇంత పని చేయగలడు అని రాయడానికి గడి లేదు. తన దగ్గర మందులు మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది పని కోసమే మానేస్తారని సిస్టరు చెప్పింది. ఆ సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసట, రోడ్డు దాటి వచ్చి చెప్పాలనే తోచలేదట. జనం రోజూ ఆ రోడ్డు దాటుతూనే ఉన్నారు, కాగితం మాత్రం ఒక్కటీ దాటలేదు.

ఆ తర్వాత పరీక్ష ఫలితం కోసం చూసిన రోజులు అన్నిటికన్నా చెడ్డవి. మధ్యలో మానేసినందువల్ల క్రిమి మందుకు అలవాటు పడిపోయి ఉంటే చాలా ఎక్కువ కాలం, చాలా గట్టి మందులు వాడాల్సి వస్తుందని సిస్టరు దాచకుండా చెప్పింది. మొదటిసారి జబ్బు నాకు వచ్చింది. ఈసారి నేనే తెచ్చుకున్నాను. సుంకమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆమె ఇంట్లో దీపం పెట్టేది, సిస్టరు తన చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించిందట. ఆ రోజుల్లోనే మా నాయన ఒక పొద్దున నా కంచం మీది సున్నం గుర్తును బొటనవేలితో రుద్ది చెరిపేసి, ఆ కంచంలోనే అన్నం పెట్టుకుని నా గది గడప మీద కూర్చుని తిన్నాడు.

ఫలితం వచ్చింది. పాత మందుకే లొంగుతుందట. కానీ లెక్క మళ్లీ మొదటి నుంచి. సుంకమ్మ ఆసుపత్రి వరండాలోనే నేల మీద చతికిలబడి, "ఇంగొకసారి సొరుగులో పెట్టినావంటే ఆ మిషన్ నెత్తిన ఏస్తా" అంది. పది రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సెప్టెంబరు తర్వాత

అప్పటినుంచి ప్రతి మంగళవారం బాషా సార్ తన రిజిస్టరు తీసుకుని రోడ్డు దాటి సిస్టరు గదికి రావడం మొదలుపెట్టాడు. ఒకే టేబులు, రెండు కుర్చీలు, ముందు బల్ల మీద మందులు వాడుతూ పని కావాల్సిన మేము. మొదటి మంగళవారం నేనొక్కణ్నే. ఎన్ని గంటలు కూర్చోగలవు, మాత్రల తర్వాత ఎంతసేపు పడుకోవాలి, దుమ్ము ఎంత దూరంలో ఉంటే దగ్గు రాదు, ఇలాంటివన్నీ అడిగి రాసుకున్నారు. పద్దెనిమిదేళ్లలో ఎవరూ నన్నివి అడగలేదు. ఏ పని చేస్తావని అడిగితే మాత్రం ఒకటే చెప్పాను, నడుం పట్టీ కుడతానని.

జ్వరం పోయి, ఇక ఎవరికీ సోకదని డాక్టరు రాసిచ్చాక వాళ్లిద్దరూ నన్ను తీసుకుని మా యూనిట్‌కు వచ్చారు. మాస్టరన్నను సార్ అడిగింది మూడే. పొద్దున పదింటికి రానివ్వాలి, నాలుగింటికి వదలాలి, కటింగ్ టేబులుకు దూరంగా కిటికీ పక్కన మిషన్ వేయాలి. మాస్టరన్న గొంతు సవరించుకున్నాడు.

"నాకేం లేదు సార్. తక్కిన ముప్పై మంది లేచిపోతే నేనేం చేసేది?"

అయితే వాళ్లనే అడుగుదామని సిస్టరు టీ వేళ దాకా ఆగింది. మిషన్లు ఆగాక మధ్యలో నిలబడి జబ్బు గురించి చెప్పింది. మావాళ్లు మొహమాటం ఎరగనివాళ్లు. గ్లాసుతో వస్తుందా, బాత్రూముతో వస్తుందా, పక్కన కూర్చుంటే పిల్లలు పుట్టరా అని అన్నీ అడిగారు. వంకర పట్టీలు వేసే ఆ కొత్తామె, మావాళ్లు నన్ను వద్దంటే నా చోటు తనకే ఉంటుందని తెలిసి కూడా, "రానీ మాస్టరన్నా, నాకు ఈ నడుం పట్టీ చేతకాకుండాది, జేబుల మీదికి పోతా" అంది. అందరూ నవ్వారు. అలా కుదిరింది.

మొదటి వారాలు తేలిగ్గా గడిచాయని చెప్పను. టీ వేళ మాస్టరన్న అందరి చేతుల్లో బెల్లం పెట్టి, నా వాటా మాత్రం ఒక కాగితంలో నా మిషన్ అంచున పెట్టి పోయేవాడు. అది చూసినప్పుడల్లా ముఖం కిటికీ వైపు తిప్పుకునేవాణ్ని. కాగితం విప్పుకుని తినేవాణ్ని. డాక్టరు కాగితం ఆయన సగమే చదివినట్టు, నేను కూడా నా జబ్బును సగమే చెప్పినవాణ్ని కదా, అలిగే హక్కు నాకెక్కడిది. పదింటికి పోవడం, నాలుగింటికి రావడం, పొద్దున సుంకమ్మ చేతిలో మాత్రలు, ఆమె చూస్తుండగానే మింగి నోరు తెరిచి చూపించడం. మంగళవారం సిస్టరు దగ్గరికి వెళ్లడానికి ఒక గంట. అక్కడ బల్ల మీద ఇప్పుడు నేనొక్కణ్నే ఉండేవాణ్ని కాదు. హోటల్లో వంట చేసేవాడు, ఇటుకలు మోసేవాడు, బస్సు కండక్టరు ఒకాయన. సార్, సిస్టరు కలిసి అందరికీ పని చూపించలేకపోయారు. ఆ కండక్టరు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. కానీ మందులు మాత్రం మానలేదు.

డిసెంబరులో ప్యాంటుకు రెండో కుట్టు విప్పాను. ఈ ఫిబ్రవరిలో ఆఖరి మాత్ర వేసుకున్నాను. పరీక్ష చేసి జబ్బు లేదన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి మొదటి కుట్టు కూడా విప్పేశాను. పట్టీ మీద మూడు వరుసల సూది గుర్తులు మిగిలాయి. ఇస్త్రీ చేసినా పోవడం లేదు, పోకపోయినా ఫర్వాలేదు.

మార్చి

పోయిన వారం టీ వేళ. మాస్టరన్న డబ్బా పట్టుకుని వరుసగా వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి బెల్లం ముక్కను నా అరచేతిలో పెట్టాడు. కాగితం లేదు. పెట్టి ముందుకు పోకుండా అక్కడే నిలబడ్డాడు. మెల్లగా కూడా కాదు, అందరికీ వినపడేలా అడిగాడు.

"తిప్పేసామీ, మంగళవారం సిస్టరు ఎన్నింటికి కూసుంటాది?"

ఎవరికన్నా అని అడిగాను.

"నాకే. దగ్గు మొదులై నెల దాటింది. రెండు ముక్కలు తింటాండా. తగ్గల్యా."

పోయినేడు ఇదే షెడ్డులో నా పట్టీ మీద ఎర్రచుక్క చూసిన మనిషి ఆయన. ఇది ఇంత మంది ముందు అడగడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు, ఎందుకంటే నాకది చాలలేదు. నేను తోడొస్తానని చెప్పాను.

మంగళవారం ఇద్దరం కలిసి వెళ్లాం. ఫ్యాను కింది చోటు ఆయనకిచ్చి నేను పక్కన కూర్చున్నాను. ఆయన ప్లాస్టిక్ డబ్బీని జేబులో పెట్టుకుని పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి తీసెయ్యన్నా, ఇక్కడందరి జేబుల్లోనూ అదే ఉంటుందని చెప్పాను. తీశాడు. టేబులు దగ్గర సిస్టరూ, బాషా సారూ ఎవరితోనో మాట్లాడుతున్నారు. కఫం ఇచ్చాక ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుంది. దుమ్మే కావచ్చు, కాకపోవచ్చు. ఆయన తలుపు వైపే చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"అదే అయితే నన్ను యూనిట్లోకి రానిస్తారంటావా?"

ఆయన యూనిట్ అది. ఆయన షెడ్డు, ఆయన మిషన్లు. అయినా ఆ ప్రశ్న ఆయనకు నిజంగానే వచ్చింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"పదింటికి రా, నాలుగింటికి పో. కిటికీ పక్కన నా చోటుండాది కదన్నా, అది నీకిస్తాలే" అన్నాను.

అప్పుడే లోపలి నుంచి సిస్టరు ఆయన పేరు పిలిచింది. ఇద్దరం లేచి వెళ్లాం.